ఊడదీసిన తొమ్మిది అక్షరాలు

పోయిన నెల ఒక ఆదివారం మా తమ్ముడి కూతురు నవ్య రెండు పెద్ద సంచులు మోసుకుంటూ మా ఇంటికొచ్చింది. వాటి నిండా హాకీ జెర్సీలు. తను ఆడే క్లబ్బుకు బట్టలిచ్చిన కంపెనీ మూతపడిందట. కొత్తగా ఒప్పుకున్న కంపెనీ వాళ్లు వీపు మీద పాత పేరు ఛాయ కూడా కనబడకూడదన్నారట. పిల్ల ఫోనులో ఏవో వీడియోలు చూసి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడి చేసి, ఒక జెర్సీ వీపు ముడతలు పడేలా కాల్చి మరీ వచ్చింది మహాతల్లి. "నీకొస్తదని డాడీ చెప్పిండు అత్తా, జర చూడవా" అంది. ఆ పని ముట్టుకుని ఎన్నేళ్లయిందో నాకే లెక్కలేదు. అయినా బ్లేడును కాగితంలో పెట్టి మధ్యకు విరిచేసరికి వేళ్లకు అన్నీ గుర్తొచ్చాయి.

అన్నీ అంటే అన్నీ. ఒక్కో జెర్సీ ఒళ్లోకి తీసుకునే ముందు "ఇది తీసేదేనా?" అని అడగడం మొదలుపెట్టాను. రెండోదానికి అడిగాను, మూడోదానికి అడిగాను. నాలుగోదానికి నవ్యకు నవ్వొచ్చింది. "అన్నీ తీసేటియే అని చెప్పిన గదా అత్తా. ఆపరేషన్ చేస్తున్నట్టు గింత ఫికరేంది నీకు?" అంది. నేను నవ్వలేకపోయాను. ఐదోదానికీ అడిగాను. అరచేతుల్లో చెమట పట్టి బ్లేడు జారుతుంటే కొంగుకు తుడుచుకున్నాను. ఎందుకలా అయిపోతానో తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. మా నాయిన పోయాడు, మా అమ్మా పోయింది. తమ్ముడు అప్పుడు ఊళ్లో మా పెద్దమ్మ దగ్గర ఉండి చదువుకునేవాడు. కనుక ఈ సంగతి నేనే చెప్పాలి, చెప్పడం నాకు ఇష్టం లేకపోయినా సరే.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే దారిలో ఒక సందు లోపల మా నాయినకు టైలర్ షాపు ఉండేది. ముందుగది షాపు, వెనకగది ఇల్లు. మధ్యలో గోడ బదులు ఒక పాత దుప్పటి వేలాడేది. అన్నం ఉడికే వాసన షాపులోకి, పెట్రోలు వాసన ఇంట్లోకి ఇష్టమొచ్చినట్టు తిరిగేవి. బడి బట్టలు, కాలేజీ బట్టలు మామూలుగా కుట్టేవాడు. హాకీ ఆటల కాలం వచ్చిందంటే మాత్రం ఇల్లంతా జెర్సీలే. అప్పట్లో ఏ జట్టుకూ ఏటా కొత్త జెర్సీలు కొనే స్తోమత ఉండేది కాదు. పోయినేడు ఆడినవాళ్ల పేర్లు, అంకెలు, ఛాతీ మీద గుర్తులు ఊడదీసి, వాటి చోట కొత్తవి పెట్టించుకునేవాళ్లు. కొత్తవి కుట్టడానికి ఏ టైలరైనా సై అంటాడు. పాతవి ఊడదీయడానికి మాత్రం అందరూ మొహం చాటేసేవాళ్లు. బట్ట చిరిగితే మాటొస్తుంది, చిరగకపోతే ఎవరూ మెచ్చుకోరు. సనత్‌నగర్ ఫ్యాక్టరీ జట్ల నుంచి లక్డీకాపూల్ ఆఫీసుల జట్ల దాకా అందరూ మా సందుకే వచ్చేవారు.

అంటించిన అక్షరాలది ఒక పద్ధతి. జెర్సీని తిరగేసి, పాత పేపరు పరిచి, ఇస్త్రీపెట్టె వేడిని చెంప దగ్గర పెట్టి చూసుకుని, లోపలివైపు నుంచి మెల్లగా ఒత్తాలి. జిగురు మెత్తబడగానే అంచు పట్టి పైకి లాగాలి. ఆలస్యం చేస్తే మళ్లీ బిగుసుకుంటుంది, తొందరపడితే బట్ట సాగిపోతుంది. మిగిలిన జిగురును పెట్రోలు తడిపిన గుడ్డతో రుద్దాలి. కుట్టినవాటిది ఇంకో పద్ధతి. బ్లేడు ముక్కతో లోపలి దారాన్ని నాలుగు కుట్లకొకటి చొప్పున తెంపుకుంటూ పోతే, పైనున్న అక్షరం దానంతటదే చేతికొచ్చేస్తుంది. తర్వాత మా అమ్మ చపాతీకి కలిపినంత మెత్తటి గోధుమపిండి ముద్ద తెచ్చి బట్ట మీద దొర్లించేది. దారప్పోగులన్నీ దానికి అంటుకొచ్చేవి. ఎన్నిసార్లు ఉతికినా ఆ జెర్సీల్లోంచి చెమట వాసన పోయేది కాదు. వేడి తగలగానే ఆటగాళ్లంతా మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టుండేది.

మా నాయినకు సూదిని చొక్కా కాలరుకు గుచ్చుకుని తిరిగే అలవాటు. పెళ్లిళ్లకు కూడా అలాగే వెళ్లేవాడు. టీ సాసరులో పోసుకుని చల్లార్చి తాగేవాడు, తాగుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. మా అమ్మకు చదువు రాదు. ఊడదీసిన అక్షరాల్లో బాగున్నవి మళ్లీ పనికొస్తాయని వాటిని రకాలుగా ఏరి మూటలు కట్టడం ఆమె పని. ఇంగ్లీషు అక్షరాలకు ఆమె పెట్టుకున్న పేర్లు వేరే ఉండేవి. ఒకటి పాము, ఒకటి గుడిసె, ఒకటి సుత్తె, ఒకటి కర్ర. "ఇయ్యాల గుడిసెలు మస్తుగొచ్చినయి, పాములే లేవు" అనేది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నేను దానికి తెగ నవ్వేదాన్ని. ఊడదీయడంలో అప్పటికే మా నాయినను దాటిపోయానని నాకు గొప్ప గీర. చేతులు చకచకా ఆడుతుంటే, కళ్లతో పనేముందన్నట్టు కిటికీలోంచి బజారు చూస్తూ తెంపేదాన్ని.

పొరపాటు జరగకుండా మా షాపులో ఒక కట్టుబాటు ఉండేది. పేరు తీసేయాల్సిన జెర్సీకి కింది అంచున మా నాయిన సుద్దతో ఇంటు గుర్తు పెట్టేవాడు. కుట్టడానికి వచ్చినవాటికి ఏ గుర్తూ ఉండదు. గుర్తుంటే తెంపాలి, లేకపోతే ముట్టుకోకూడదు. ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేదు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పు జరగలేదు, అందుకే ఆ గుర్తును దేవుడి బొట్టులా నమ్మేవాళ్లం.

ఒక శుక్రవారం పొద్దున నేను కాలేజీలో ఉండగా శారదగారని ఒకావిడ వచ్చిందట. ఈ సంగతి మా నాయిన తర్వాత నాకు ఎన్నిసార్లు చెప్పాడో, నేనూ అక్కడ నిలబడి విన్నట్టే ఉంటుంది. గుంటూరు వైపు మనుషులు, పంజాగుట్టలో అద్దెకుండేవాళ్లు. ఆమె భర్త సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తూ నాలుగు నెలల కిందట గుండె ఆగి పోయాడు. ఒక్కతే కూతురు స్రవంతి, హాకీ ఆడేది. తండ్రి పోయాక స్టిక్కు ముట్టుకోలేదు. ఎలాగో ఒప్పించారు, ఆదివారం మ్యాచ్‌కు వస్తానంది. కానీ ఒక షరతు పెట్టింది. నాన్న తన చేత్తో తన పేరు కుట్టిచ్చిన జెర్సీ వేసుకుంటేనే ఆడతానంది. "చంక కింద కుట్టు ఊడింది మాస్టారూ, అదొక్కటే వేయండి. వీపు మీద అక్షరాలు మాత్రం ముట్టుకోవద్దండీ. మావారు కుట్టారు. సూది పట్టడమే రాదు ఆయనకి, పట్టుబట్టి రెండు రోజులు కూర్చుని కుట్టారు. ఆయన చేతిది ఇదొక్కటే మిగిలింది మాకు. రేపు సాయంత్రం వచ్చి తీసుకుంటాను" అని చెప్పి వెళ్లింది.

మా నాయిన ఆ జెర్సీని జాగ్రత్తగా మడిచి బల్ల మీద విడిగానే పెట్టాడు. ఆ తర్వాత ఒక కాలేజీ జట్టు జెర్సీలు వచ్చిపడ్డాయి, అన్నీ తీసేవే. ఒక్కోదానికి సుద్ద గీసి, ఆ దొంతర తెచ్చి అక్కడే పెట్టాడు. దాని మీద ఇనప ఇస్త్రీపెట్టె పెట్టి, కొక్కేలు కొనుక్కురావడానికి బయటికెళ్లాడు. శారదగారి జెర్సీ దొంతర అడుగుకు చేరింది. పెట్టె బరువుకు పై జెర్సీ అంచున ఉన్న సుద్ద కిందిదాని అంచుకు అచ్చు పడింది. వేరే ఏ గుర్తయినా తిరగబడి కనబడేదేమో. ఇంటు గుర్తు ఎటు నుంచి అచ్చు పడినా ఇంటు గుర్తే.

నేను కాలేజీ నుంచి వచ్చి, మంచినీళ్లు తాగి, దొంతర ముందు కూర్చున్నాను. చివరికి అది చేతికొచ్చింది. రంగు కొంచెం వేరుగా ఉందని చూశాను. చూసి, అంచు తిప్పి, గుర్తు ఉందని నిశ్చింతగా బ్లేడు తీసుకున్నాను. తెల్లటి లావు దారంతో, ఒక కుట్టు గోరంత, ఒక కుట్టు వేలంత, మిరియాల గింజల్లాంటి ముడులు. కదలకుండా ముందు జిగురుతో అంటించి, ఆ పైన కుట్టినట్టున్నారు. "అమ్మా, గిది సూడే! ఎవడో గోనెసంచి మూతి కుట్టినట్టు కుట్టిండు" అని లోపలికి కేకేశాను. మా అమ్మ వచ్చి చూసి, "వీని చేతులు పడిపోను, గట్లనా కుట్టేది" అని నవ్వింది. నేనూ పడీపడీ నవ్వాను. నవ్వుతూనే తొమ్మిది అక్షరాలూ తెంపి, ఇస్త్రీపెట్టె ఒత్తి, ఒక్కొక్కటే ఊడబెరికాను. ఆ రోజు నా చేయి ఎంత బాగా ఆడిందో! బట్ట మీద చిన్న గీత కూడా పడలేదు. దారం ముక్కలు పిండిముద్దకు ఎత్తి పారేశాను. శనివారం పొద్దున్నే గది ఊడ్చి చెత్తంతా సందు మొదట్లో కుండీలో పోసి వచ్చాను.

మా నాయిన శుక్రవారం ఆ జెర్సీ గురించి అడగలేదు, ఎవరో కొలతలకొస్తే వాళ్లతో సరిపోయింది. శనివారం ఇడ్లీ తింటూ, "గా పంజాగుట్టమ్మ జెర్సీ చంక కుట్టాలె, ఇటియ్యి బిడ్డా" అన్నాడు. ఏ జెర్సీ అన్నాను. చెప్పాడు. తెచ్చి చూపించాను. వీపు ఖాళీగా ఉంది. ఎండకు వెలిసిన బట్టలో అక్షరాలున్న మేరకు రంగు చెక్కుచెదరకుండా ఉండడం వల్ల ఆ పిల్ల పేరు నీడలాగా కనబడుతోంది, చుట్టూ సూది రంధ్రాలు.

"ఏం జేసినవే బిడ్డా?" అన్నాడు మా నాయిన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఎవలు పెట్టిన్రు గుర్తు? నేను పెట్టలే. ఒట్టు, నేను పెట్టలే." గుర్తు ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి మాకు ఎంతోసేపు పట్టలేదు. తెలిసి ఏం లాభం? శారదగారు చెప్పిన మాటలన్నీ ఆయన అప్పుడు చెప్పాడు. ముందురోజు నవ్విన నవ్వు గుర్తొచ్చి నోరు చేత్తో మూసుకున్నాను. మా అమ్మ దుప్పటి పట్టుకుని నిలబడి, "అయ్యో, సచ్చినాయన్ను పట్టుకొని చేతులు పడిపోను అన్నగదనే" అని ఏడ్చేసింది.

సాయంత్రానికి ఆమె వస్తుంది. గోడ మీది గడియారాన్ని ఆ రోజు చూసినట్టు నేను పరీక్ష హాల్లో కూడా చూడలేదు. ఊడదీసిన అక్షరాలు మా అమ్మ మూటల్లో ఉన్నాయి, అదొక్కటే అదృష్టం. మూటలన్నీ నేల మీద కుమ్మరించి వెతికింది. అంచుల చుట్టూ పెద్ద రంధ్రాలున్నవి మావాటిలో వేరేగా తెలిసిపోయేవి. "పాము దొరికింది. రెండు గుడిసెలు దొరికినయి. సుత్తె దొరికింది" అని ఒక్కోటి నా చేతిలో పెడుతూ పోయింది. చివరి కర్ర దొరకలేదు. గదంతా తిరగేశాం. నేను మిషను కింద పాకాను. ఆఖరికి ఇస్త్రీ పెట్టిన పేపరుకు జిగురుతో అంటుకుని ఉంది, పొయ్యి రాజేయడానికని మా అమ్మ ఆ పేపరు మడిచి పెట్టింది, ఇంకాసేపైతే కాలిపోయేదే. దారం కోసం మా నాయిన బస్సెక్కి సనత్‌నగర్ వెళ్లాడు. సంచుల మూతులు కుట్టే లావు దారం, అచ్చంగా అలాంటిదే, ఏ వర్క్‌షాపులో బతిమాలాడో మధ్యాహ్నానికి ఒక ఉండ తెచ్చాడు.

అవే రంధ్రాల్లో సూది దించుతూ మొదటి అక్షరం కుట్టాను. కుట్టి చూపిస్తే మా నాయిన తల అడ్డంగా ఊపాడు. "గిట్ల గాదు. నీ కుట్టు మంచిగున్నది. జర వంకరగ రావాలె." విప్పి మళ్లీ కుట్టాను. ఎంత వంకరగా కుడదామనుకున్నా దారం బిగువు ఒకేలా వస్తోంది, ముడి చిన్నగా పడుతోంది. నా చేయి నా మాట వినలేదు. "ఎడమచేత్తోని కుట్టు" అన్నాడు. ఎడమచేత్తో కుట్టాను. వేళ్లన్నీ పొడుచుకున్నాను. ఆ పెద్దమనిషి రెండు రోజులు ఎలా తంటాలు పడి ఉంటాడో ఒక్కో కుట్టుకూ తెలిసొచ్చింది. మిషను తెలిసిన మా ఇంట్లో ముగ్గురం కూర్చుని, ఏమీ రానివాడిలా కుట్టడం ఎలాగా అని తల పట్టుకున్నాం.

"చెప్పెయ్యండ్రి. దాస్తే దాగుతదా?" అంది మా అమ్మ. "చెప్తె ఆమె పానం ఏమైతది? రేపు ఆ పిల్ల ఆడుతదా? ఆ పాపం నీకొద్దా?" అన్నాడు మా నాయిన. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు నోరు తెరువకు బిడ్డా, నేను మాట్లాడ్త" అన్నాడు. నేను సరేనని తల ఊపాను.

దీపాలు పెట్టే వేళకు శారదగారు వచ్చింది. మెడలో ఏమీ లేదు, చేతిలో కూరగాయల సంచి. మా నాయిన జెర్సీ తీసిచ్చాడు. చంక కింద కుట్టు చూసి, "బాగా వేశారండీ" అంది. ఆ తర్వాత వెనక్కి తిప్పింది. ఆమె చూపుడువేలు అక్షరాల మీద మెల్లగా నడిచి, ఒకచోట ఆగింది. నా వైపు చూసి నవ్వింది. "చూశావా అమ్మా, ఎంత వంకరగా ఉందో! ఇదిగో, ఇక్కడ సూది విరిగింది ఆయనకి. ఎంత వెక్కిరించానో. అయినా పట్టు వదల్లేదు మనిషి" అంది. ఆమె వేలు ఉన్నది నేను మూడు గంటల కిందట ఎడమచేత్తో వేసిన కుట్టు మీద.

నాకేమైందో తెలీదు. "అది నేను కుట్టిన. నిన్న పొరపాటుగ తీసేసిన మేడమ్. అక్షరాలు అవే, ఇల్లంత దేవులాడి అన్నీ దొరకబట్టినం, రంధ్రాలు సుత అవే, దారం సనత్‌నగర్ నుంచే తెచ్చినం" అని గడగడా చెప్పేశాను. మా నాయిన కళ్లు మూసుకున్నాడు.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. అరవలేదు. స్టూలు మీద కూర్చుని జెర్సీని ఒళ్లో పరుచుకుంది. "అక్షరాలు కోఠీలో కొన్నవేనమ్మా. ఎవరికైనా దొరుకుతాయి" అంది. "ఆయన కుట్టింది దారం కదా. ఆ దారమేదీ?"

మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. అక్షరాల కోసం పొద్దుటి నుంచి ఇల్లు తవ్వి పోశాం. దారం మా కంటికి చెత్త. ఊడదీసేవాళ్లకు దారమెప్పుడూ చెత్తే. పొద్దున ఊడ్చి కుండీలో పోశానన్నాను. మా నాయిన చెప్పులు కూడా వేసుకోకుండా సందు మొదటికి పరిగెత్తాడు. కాసేపటికి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. చెత్తబండి మధ్యాహ్నమే వచ్చి పోయిందట. ఆయన తల దించుకుని, "తప్పయింది తల్లీ, మాఫ్ జెయ్" అన్నాడు. మా నాయిన ఎవరి ముందూ అలా నిలబడడం నేను అంతకుముందు చూడలేదు.

శారదగారు జెర్సీ మడిచి సంచిలో కూరగాయల పైన పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "మా అమ్మాయికి తెలియనివ్వకండి. రేపనే కాదు, ఎప్పటికీ" అంది. మా నాయినతో కాదు, నాతో అంది.

ఇప్పుడా సందుండే రోడ్డు మీద మెట్రో రైలు పోతోంది. మా షాపున్న చోట కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయి, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల పిల్లలు గుంపులుగా వచ్చి పోతుంటారు. జెర్సీల మీద పేర్లు ఇప్పుడు బట్టలోకే రంగు దిగేలా అచ్చు వేస్తున్నారట. ఊడదీసే మాటే లేదు, పేరు మారితే జెర్సీనే అవతల పారేస్తారు. నవ్య తెచ్చినవాటిలాంటివి ఇంకొన్నాళ్లు కనబడతాయేమో. ఆ పని పోయినందుకు నాకేం బాధ లేదు. బాధ ఒక్కటే. ఆ సాయంత్రం నిజం చెప్పి బరువు దించుకున్నాననుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత, నాకు పిల్లలు పుట్టాక తెలిసింది, నేను దించుకున్న బరువు తీసుకెళ్లి ఆమె నెత్తిన పెట్టానని. నేను నోరు మూసుకుని ఉంటే, ఆ కుట్ల మీద వేలు పెట్టి నవ్వుకునే హక్కు ఆమెకు మిగిలేది. నా భయం చల్లారడానికి ఆమె దగ్గర అది కూడా లాక్కున్నాను. మా అమ్మ మాత్రం చివరిదాకా నేను చేసిందే మంచిదనేది. నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ మ్యాచ్ అయిన మర్నాడు, సోమవారం మధ్యాహ్నం, షాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. నా వయసే ఉన్న పిల్ల ఒకతి వచ్చింది. మోకాలికి పట్టీ, ఎండకు కమిలిన ముఖం, చేతిలో బురద కొట్టుకున్న జెర్సీ. చూడగానే ఎవరో తెలిసిపోయింది.

"నిన్న గెలిచామండీ" అంది స్రవంతి. ముఖమంతా నవ్వు. "ఒకమ్మాయి నన్ను వెనక నుంచి పట్టుకుని లాగేసింది. మీరు వేసిన చంక కుట్టు ఫట్టున ఊడిపోయింది. ఇదిగో, చూడండి." జెర్సీ బల్ల మీద పరిచి, తిప్పి, వీపు మీద అరచేత్తో గట్టిగా తట్టింది. "మా నాన్న కుట్టినవి మాత్రం ఒక్క పోగు కూడా లేవలేదు. లాగి చూడండి కావాలంటే! ఏంటండీ, టైలర్లు మీరా, మా నాన్నా?"

చేయి పట్టుకుని మరీ నా వేళ్లు ఆ కుట్ల మీద పెట్టింది. లాగి చూశాను. గట్టిగానే ఉన్నాయి.

"మీ నాన్నే" అన్నాను.